ప్రార్థనలో లేని పేరు

నాకు మెదడు జ్వరం వచ్చి తగ్గిందంటే ఇప్పటికీ కొందరు నా తలకాయ వైపు అదోలా చూస్తారు. చూడనీ, నాకేం. నేను చెప్పబోయేది జ్వరం సంగతి కాదు, తగ్గిన తర్వాతి సంగతి. జ్వరంలో నాకేమీ తెలియదు కాబట్టి అది నన్ను పెద్దగా ఏడిపించలేదు. ఏడిపించిందంతా తెలివి వచ్చాకే.

అప్పట్లో మేం కామారెడ్డిలో స్టేషన్‌కు అవతల ఉండేవాళ్లం. నా పెనిమిటి రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. మామ కూలికి పోయేవాడు, మా చిన్న క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా ఆయనే. అత్త ఉండేది. నాకొక ఆడపిల్ల, అప్పుడే దోగాడుతోంది, ఇంకా పాలు మానలేదు. ఒక బర్రె. ఇదీ మా సంసారం. ఎక్కడో దొరల దేశంలో యుద్ధం మొదలైందనీ, అందుకే గ్యాసునూనె దొరకడం లేదనీ చెప్పుకునేవాళ్లు. మేం ఆముదం దీపంతో సరిపెట్టుకునేవాళ్లం.

నాట్ల రోజుల్లో పొలంలో వంగినదాన్ని మళ్లీ లేవలేకపోయాను. మెడ బిగుసుకుపోయింది, వెలుతురు చూస్తే తల పగిలిపోయేది. బండిలో వేసుకుని మిషన్ దవాఖానకు తీసుకుపోయారట. వెన్నులో సూది గుచ్చారట. పుట్టింటి ఊరు ఎల్లారెడ్డి నుంచి నన్ను కన్న అవ్వ వచ్చి పిల్లను తనతో తీసుకుపోయిందట. అన్నీ వాళ్లూ వీళ్లూ చెప్పినవే. నాకంటూ మిగిలిన జ్ఞాపకం ఒక్కటే: నా పక్కలో ఉన్న చిన్న బరువును ఎవరో ఎత్తుకోవడం, ఆ చోటు చల్లబడటం.

బతికి ఇల్లు చేరేసరికి ఎడమ చేయి సగమే పనిచేసేది. మాటలు జారిపోయేవి. చెంబు తెమ్మనబోయి చీపురు తెమ్మనేదాన్ని. పరలోక ప్రార్థన సగంలో ఎక్కడో తప్పిపోయేది. తిట్లు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

“ప్రార్థన నోటికి వస్తలేదు గని తిట్లు ఎంత సక్కగ వస్తున్నయో సూడు నా కోడలికి,” అని అత్త నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. అత్త నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నాకు తల దువ్వి, అన్నం కలిపి పెట్టి, చంటిదానిలా చూసుకుంది.

ఇంట్లో కాలు పెడుతూనే నేను అడిగిన మొదటి మాట, “పిల్ల ఏది?”

“మీ అవ్వకాడ ఉన్నది. ముందుగాల నువ్వు నిమ్మలం గావాలె,” అంది అత్త.

“ఎప్పుడు తోల్కొస్తరు?”

“వాగులు పొంగినయి బిడ్డా. బండ్లు పోతలేవు.”

నిజమే, ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వానలు వెనకపట్టాక అడిగితే ఎల్లారెడ్డిలో గత్తర లేచిందన్నారు. కక్కుళ్లు, విరేచనాలతో మనుషులు పోతున్నారంటే ఆ దారిన ఎవరు పోతారు? ఊరుకున్నాను. గత్తర తగ్గిందని అటునుంచి వచ్చిన మనిషి చెబితే మళ్లీ అడిగాను. ఈసారి మా అవ్వ కాలు బెణికిందన్నారు.

కానీ నాకు ఆకలి తీర్చే మాటలు కూడా అత్త దగ్గరే దొరికేవి. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతూ చెప్పేది. పిల్లకు కింద రెండు పండ్లు వచ్చాయట. గోడ పట్టుకుని నిలబడుతోందట. మరికొన్నాళ్లకు నడక వచ్చిందట, గడప దాటబోయి బోర్లా పడిందట, ఏడవకుండా చుట్టూ చూసి నవ్విందట. “అచ్చం నీ లెక్కనే మొండిది,” అనేది. నేను ఆ మాటలు రోజంతా నెమరువేసుకునేదాన్ని. నా బిడ్డ నా కళ్ల ముందు లేకుండా ఎదుగుతోంది, నేను ఆ మాటల్లోనే దాన్ని ఎత్తుకుని తిప్పుకునేదాన్ని. మామ వాకిట్లోకి వస్తే అత్త ఠక్కున నోరు మూసుకునేది. మామను అడిగితే బర్రెకు నీళ్లు పెట్టాలని లేచి పోయేవాడు. ఆ బర్రె అన్ని నీళ్లు ఎలా తాగుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంట్లో పట్టపగలే గజ్జెల చప్పుడు వినబడేది. గింజల గుమ్మి వెనక నుంచి వచ్చేది, నేను పోయి చూస్తే ఆగిపోయేది. పిల్ల కాళ్లకు మా బాపు చేయించిన గజ్జెలుండేవి, ఆ చప్పుడు నాకు తెలియదా? పెనిమిటికి చెబితే, “డాక్టరమ్మ జెప్పలేదా, ఈ జ్వరం వచ్చినోళ్లకు చెవులల్ల మోత ఉంటదని,” అన్నాడు. చెప్పింది, నిజమే. తలలో ఒకసారి చెద పట్టిందని తెలిశాక మనిషి తన చెవులను తానే నమ్మలేదు. దేనికైనా అదే మాట వచ్చేది: “నీకింక నిమ్మలం గాలేదు.” ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది. ఒకసారి కంచం తీసి విసిరికొట్టాను. వంగి ఆ మెతుకులు ఏరుతూ నా పెనిమిటి ఏడ్చాడు. కంచం కోసం మగవాడు ఏడుస్తాడా అని నేను తెల్లబోయి చూశాను.

ఇక మా ఇంటి ప్రార్థన గురించి చెప్పాలి. రోజూ దీపం పెట్టగానే అందరం చాప మీద మోకాళ్లూనేవాళ్లం. మామ మామూలుగా మనలాగే మాట్లాడే మనిషి, దేవుని ముందు మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. వానలను, సర్కారును, దవాఖాన వాళ్లను దేవునికి అప్పజెప్పి, తర్వాత ఇంట్లోవాళ్లను పేరుపేరునా అప్పజెప్పేవాడు. అత్త పేరు, నా పెనిమిటి పేరు, నా పేరు, నా బిడ్డ పేరు, చివరికి “మాకు పాలిచ్చుచున్న ఈ మూగజీవమును” అని బర్రె. బర్రెను దేవునికి గుర్తుచేస్తాడని మా వాడలో ఆయన్ను ఆటపట్టించేవాళ్లు. ఆయన లెక్కచేసేవాడు కాదు.

దవాఖాన నుంచి వచ్చాక ఆ ప్రార్థనలో నాకు ఎక్కడో కాలు తడబడేది. చీకట్లో ఉండాల్సిన మెట్టు లేకపోతే ఒళ్లు ఝల్లుమంటుంది చూడండి, అలా. నా పేరు వచ్చేది, వెంటనే మూగజీవం వచ్చేది. మధ్యలో ఏదో ఉండాలి. ఏముండాలో పట్టుబడేలోపు అందరూ ఆమెన్ అనేవాళ్లు, నేనూ అనేదాన్ని. చాలాకాలం అది నా తలకాయ లోపమే అనుకున్నాను. అన్నీ జారిపోతున్నాయి కదా, ఇదీ జారి ఉంటుందిలే అనుకున్నాను.

నేను కోలుకున్నందుకు ఒక ఆదివారం సంఘంలో కృతజ్ఞత కానుకగా కోడిని ఇచ్చాం. ఆడవాళ్లందరూ నన్ను కావలించుకుని ఏడ్చారు. బతికి వచ్చినదాన్ని చూసి ఇంతలా ఏడుస్తారా? ఒకామె చంకలో పిల్ల ఉంది. నేను ముద్దుపెట్టుకోబోతే ఆమె బిత్తరపోయి, తర్వాత సిగ్గుపడి, పిల్లను నా చేతుల్లో పెట్టింది. నేను ఆ పిల్ల నోట్లో వేలు పెట్టి పండ్లు చూశాను. “నా బిడ్డకు గూడ వచ్చినయంట,” అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రం ప్రార్థనలో నేను కళ్లు మూసుకోలేదు. మామ పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను. నా పేరు వచ్చింది. తర్వాత ఆయన గుటక మింగాడు. తర్వాత మూగజీవం వచ్చింది. అప్పుడు తెలిసింది, జారిపోయింది నా తలలోంచి కాదని. బర్రెను మరవని మనిషి నా బిడ్డను ఎందుకు మరిచాడు?

తెలిసీ తెలియనట్టే ఉండిపోయాను. అడిగితే ఏం చెబుతారోనని నాకు చచ్చేంత భయం. మక్కలు కోసి, జొన్న కంకి పాలు పోసుకునేదాకా అలాగే ఈడ్చాను. కాళ్లలో బలం వచ్చింది, నీళ్ల కడవ ఎత్తగలుగుతున్నాను. ఒకరోజు అత్త, పిల్ల ‘తాత’ అంటోందని చెప్పింది. అంతే, ఇక నావల్ల కాలేదు.

ఆ సాయంత్రం మామ ప్రార్థన ముగించగానే, “నేను గూడ చేస్త,” అన్నాను. జబ్బు చేసినప్పటి నుంచి నన్నెవరూ పైకి ప్రార్థించమనలేదు. మాటలు తప్పిపోతాయని వదిలేశారు. ఆ రోజు ఒక్కటీ తప్పలేదు.

“ప్రభువా, ఎల్లారెడ్డిల ఉన్న నా బిడ్డను సల్లగ సూడు,” అని దాని పేరు చెప్పాను. “నా కాళ్లకు బలమియ్యి. రేపు పొయ్యి తెచ్చుకుంట.”

ఆగాను. మా ఇంట్లో ఎవరు ఎంత వంకరగా ప్రార్థించినా ఆమెన్ అనడం ఆచారం. ఎవరూ అనలేదు. బయట బర్రె గొలుసు కదిలింది. కళ్లు తెరిచి చూస్తే అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నా పెనిమిటి నుదురు చాపకు ఆనించి ఉన్నాడు. మామ నోరు తెరిచి ఉంది.

“ఆమెన్ అనుండ్రి,” అన్నాను. “అనుండ్రి!” అని అరిచాను.

“ఎట్లనాలె బిడ్డా,” అన్నాడు మామ. “పోయినోళ్ల కోసం ఏమని అడగాలె? దేవునికి అబద్ధం ఎట్ల జెప్పాలె?”

“నాకు జెప్పొచ్చునా?”

ఆయన ముసలి చేతులు రెండూ నా కాళ్ల వైపు చాచాడు. నేను కాళ్లు ముడుచుకున్నాను. మనసుకు దెబ్బ తగిలితే మూర్ఛలు వచ్చి చస్తుందని డాక్టరమ్మ చెప్పిందట, అందుకే ఇంటిల్లిపాదీ నోరు కట్టుకున్నారట. మూర్ఛ రాలేదు. ఏమీ రాలేదు. అంత పెద్ద మాట విని కూడా ఆ రోజు పొయ్యి ఆర్పి, గిన్నెలు బోర్లించాను. నన్ను చూస్తే నాకే భయమేసింది.

ఎల్లారెడ్డికి పోయాం. మా అవ్వ నన్ను చూడగానే చతికిలబడిపోయింది. నేను దవాఖానలో తెలివి లేకుండా ఉన్నప్పుడే పిల్లకు కూడా అదే జ్వరం వచ్చిందట. నా ఒడిలోంచే దానికి అంటి ఉంటుంది, ఇంకెక్కడి నుంచి వస్తుంది? “ఆఖరుదాంక పాలకే ఏడ్చింది బిడ్డా,” అంది అవ్వ. ఊరి చివర నల్లరేగడిలో చిన్న దిబ్బ, కుక్కలు తవ్వకుండా మీద తుమ్మకంప. దేవుని దగ్గర ఉంది, ఏడవొద్దు అన్నారు అందరూ. దేవుని మీద నాకు నమ్మకం పోలేదు, అబద్ధమెందుకు. కానీ దేవునికి పాలెక్కడివి అని ఆ కంప ముందు నిలబడి అడిగాను. ఇప్పటికీ అడుగుతున్నాను.

తిరిగొచ్చాక అత్తతో చాలా రోజులు మాట్లాడలేదు. మామ ప్రార్థనలో నా పేరు తర్వాత కాసేపు ఆగేవాడు. ఆ ఆగిన చోట గజ్జెలు మోగేవి. చెవుల్లో మోతే, నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం అత్త రొట్టెలు తడుతుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను.

“పండ్లొచ్చినయని ఎందుకు జెప్పినవ్?”

ఆమె చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. “వచ్చేటియే గద బిడ్డా,” అంది. “ఉంటే ఆపాటికి వచ్చేటియే.”

రొట్టె ఒకవైపు మాడింది. ఇద్దరమూ తీయలేదు. వాకిట్లో మామ ఉన్నాడేమో అని నేనే తొంగి చూశాను. లేడు.

“ఇప్పుడేం జేస్తుంది?” అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. తర్వాత పిండి మళ్లీ తట్టడం మొదలుపెట్టి, మెల్లగా, “మాటలన్ని వచ్చినయి. ఒక్క తీరుగ ముచ్చట పెడుతది,” అంది.

“నన్నడుగుతదా?”

“ఎందుకడగది?” అంది అత్త. “రోజు అడుగుతది.”