కొత్త రెక్క మీద గంధం చెయ్యి

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వులాటే. చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టేవాణ్ణి. చేత్తో తడిమి చూస్తే తప్ప దేన్నీ నమ్మను. అందుకే ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మాది ఒంగోలు. దూదేకులవాళ్లం. నాయనమ్మ కుడిచేతి చిటికెనవేలు సగమే ఉండేది. మిగతా సగం వయసులో ఉండగా పత్తి మిషన్‌లో పోయిందట. ఏటా దర్గా గంధం పండగనాడు ఆ చేతిని గంధంలో ముంచి, మా వీధి తలుపు కుడి రెక్క మీద అద్దేది. పాత ముద్ర మీదే కొత్తది. మిగిలిన గంధం చిన్నపిల్లలుగా ఉన్న మా మెడలకు రాసేది. ఆ చల్లదనం తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆవిడ పోయాక నాన్న రోజూ ఆ ముద్ర మీద అరచెయ్యి ఆనించి, అప్పుడు గడప దాటేవాడు.

రెండువేల మూడులో నా పెళ్లి కుదిరింది. ఎడమ రెక్కకు చెదలు పడితే కొత్తది చేయించి, నేనే రిక్షాలో తెచ్చి బిగించాను. రెండూ ఒకేలా ఉండాలని, నాన్న ఇంట్లో లేని పూట చూసి గులాబీరంగు ప్రైమర్ పూసేశాను. ముద్ర ఉన్నంత మేర వదిలెయ్యాలన్న ఇంగితం లేకపోయింది. నునుపు పిచ్చి అలాంటిది.

మర్నాడు నాన్న అలవాటుగా చెయ్యెత్తి అలాగే ఆగిపోయాడు.

"చెయ్యెక్కడ పెట్టుకోమంటావురా?" అన్నాడు. దానికన్నా తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం థిన్నర్ గుడ్డతో తుడిచి, రేకుతో గీకి, ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దాను. ప్రైమర్‌తో పాటు గంధం కూడా పొడిపొడిగా రాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఒక రెక్క గులాబీ, ఒకటి బోడి ఏం బాగుంటుందని ఎడమదీ గీకేసి, రెండింటినీ తడిగుడ్డతో తుడిచాను.

మధ్యాహ్నం ఎండకు చెక్క ఆరింది. కొత్త రెక్క మీద ఒకచోట లేత పసుపు మిగిలింది. మళ్లీ తుడిచాను, పోలేదు. అరచెయ్యి, వేళ్లు. చిటికెనవేలు సగమే.

నాయనమ్మ పోయిన నాలుగేళ్లకు చేయించిన రెక్క అది.

నాన్నను పిలిచాను. ఆయన మొహంలో ఆశ్చర్యమే లేదు. "పక్కకు జరిగిందిలేరా, అంతే," అని అరచెయ్యి ఆనించాడు.

రెక్క చేసిన వడ్రంగిని అడిగితే చెక్కలో మచ్చ అయి ఉంటుందన్నాడు. వేలి సంగతి అడిగితే పనిముట్లు సర్దుకున్నాడు.

ఆ తలుపుకు మళ్లీ రంగు వెయ్యలేదు. ముద్ర ఏడాదిలో పలచబడి, కనబడకుండా పోయింది. తర్వాత నాన్నా పోయాడు. ఆ ముద్ర ఏమిటో నాకు ఈ రోజుకీ అంతుబట్టలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. పనికి బయల్దేరేటప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే ఎడమ రెక్క మీదకు వెళుతుంది. ఎండాకాలంలో కూడా అక్కడ చెక్క చల్లగా తగులుతుంది.