ప్రమాణం కాదు, ప్రయాణం

ఆ బడిలో పిల్లలు ఆవిడని ఇసక టీచర్ అంటారు. మెట్ల కింద గదిలో కూర్చోబెట్టి, పళ్లెంలో పోసిన ఇసకలో వేలితో అక్షరాలు దిద్దిస్తుంది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడది ఆటసామాను గది. గాలి పోయిన బంతులు రెండు ఇప్పటికీ బీరువా మీదే ఉన్నాయి. కళ్లు బాగుండి, బుర్ర బాగుండి, అక్షరం మాత్రం కుదురుగా నిలబడని పిల్లల్ని రోజుకో గంట అక్కడికి పంపుతారు. స్టాఫ్ రూములో ఆ గదిని రిపేరు షాపు అంటారు. ఇసక టీచరు కూడా నవ్వుతుంది. పదకొండేళ్లుగా నవ్వుతూనే ఉంది. ఏటేటా పొడిగిస్తే తప్ప నిలవని ఉద్యోగం చేసేవాళ్లు జోకులకి నవ్వక ఏం చేస్తారు.

పని రాదా అంటే, ఆవిడకొచ్చినంత బాగా ఆ బడిలో ఎవరికీ రాదు. అక్షరాన్ని పైకి పలుకుతూ రాయించడం, గరుకు కాగితంతో కత్తిరించిన ఒత్తుల్ని కళ్లు మూసుకుని తడిమించడం, చదివే వరస తప్ప మిగతావి కనపడకుండా అట్టముక్కకి సందు కోసి పేజీ మీద పెట్టడం, అన్నీ తెలుసు. కాకపోతే అది నత్తనడక వ్యవహారం. ఒక పిల్లకి బస్సు బోర్డు చదవడం రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్ల చాకిరీని రిపోర్టులో ఏ గడిలో రాయాలో ఎవరూ చెప్పలేదు.

ఇస్త్రీ షాపు ఆవిడ కూతురు తొమ్మిదో తరగతిలో ఆ గదికి వచ్చింది. వ, ప, ష ఆ పిల్లకి ముగ్గురు కవలలు. మ, య సంగతి సరేసరి. కానీ ఒక్కసారి చెవిన పడితే చాలు, పాఠానికి పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పేది. షాపులో ఏ మూట ఎవరిదో చీటీ లేకుండా చెప్పేది. క్లాసులో టేపురికార్డరు అనేవాళ్లు. పదో తరగతి పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించి, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టే మనిషిని ఇస్తే ఆ పిల్ల గట్టెక్కుతుంది. ఇవ్వకపోతే మూడు గంటలు కాగితం వంక చూసి లేచొస్తుంది. ఇది ఇసక టీచరుకి అందరికంటే బాగా తెలుసు.

ఆ ఏడాదే పై ఆఫీసు వాళ్లు బడి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

"మీ గదిలో ఎవరు బాగుపడ్డారో చూపించాలమ్మా," అన్నారు హెడ్‌మాస్టారు. "ఎవరూ లేరంటే చెప్పండి, బంతులు పెట్టుకుంటాం."

టేపురికార్డరు అప్పుడే గుర్తొచ్చింది ఆవిడకి. నది గురించి పన్నెండు వరసల పాఠం రెండుసార్లు చదివి వినిపించింది. పిల్లకి నోటికొచ్చేసింది. మాటల కింద వేలు నడపడం నేర్పడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు విని, మరీ నున్నగా ఉందనిపించింది ఆవిడకి.

"ఇక్కడ తప్పు చదువు."

"ఎందుకు టీచర్?"

"ఎక్కడా తప్పు లేకపోతే నమ్మరమ్మా. 'నది ప్రమాణం' అను. ఆగు. వేలు వెనక్కి తెచ్చి 'నది ప్రయాణం' అను."

పిల్ల కాగితం దగ్గరగా పెట్టుకుంది. "ఇందులో మ ఏది, య ఏది టీచర్?"

"అది నీకెందుకు ఇప్పుడు. చెప్పినట్టు అను."

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఆవిడకి ఉద్యోగం ఇచ్చారు. పై ఆఫీసు వాళ్ల ముందు పిల్ల చెప్పినట్టే చదివింది, వాళ్లు చప్పట్లు కొట్టారు. ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు. ఇసక టీచరు రిపోర్టులో "ధారాళంగా చదువుతోంది" అని రాసి, ఆ పాఠాన్ని పిల్ల ఫైల్లో పిన్ను కొట్టింది.

పదో తరగతిలో, పరీక్షకి మనిషిని ఇవ్వాలా వద్దా తేల్చడానికి డాక్టరమ్మ వచ్చింది. పొద్దుట్నుంచి ఆవిడ చూసినవాళ్లలో ఈ పిల్ల ఇరవై ఆరోది. ఫైలు తిప్పింది.

"ధారాళంగా చదువుతోందని మీరే రాశారు. మరి మనిషెందుకు? ఏదీ, ఇదే చదువమ్మా."

పిల్ల కాగితం చూసింది. ఏ కాగితమో గుర్తుపట్టింది. టీచరు వైపు చూసింది. టీచరే కావాలని ఆ పాఠం అక్కడ పెట్టి ఉంటుందనుకుంది. తనకి మేలు చేయడానికే అనుకుంది, పిచ్చిది. వేలు పెట్టి మొదలుపెట్టింది. నది కొండల్లో పుట్టింది, రాళ్లు దాటింది, నది ప్రమాణం అంది, ఆగింది, వేలు వెనక్కి తెచ్చి నది ప్రయాణం అంది.

డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. "చూశారా, తన తప్పు తనే పట్టుకుంది. అక్షరం చూసి దిద్దుకుంది. మంచి పని చేశారు టీచర్. మీరేమంటారు?"

ఇసక టీచరు చేతి కిందే వేరే పుస్తకం ఉంది. ఏ పేజీ తీసి ముందుకి తోసినా చాలు, నిజం బయటపడేది. సిగ్గేసింది ఆవిడకి. సిగ్గుకంటే భయం ఎక్కువేసింది. పక్కనే కూర్చున్న హెడ్‌మాస్టారు గోడ గడియారం చూస్తున్నారు.

"మంచి పిల్లండి," అంది.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. పిల్ల దాన్ని పట్టుకుని మెట్ల కింద గదికొచ్చింది.

"ఏముంది టీచర్ ఇందులో?"

ఇసక టీచరు చదివి వినిపించింది. ఒక్కసారే. గొంతు ఎక్కడా తడబడలేదు.

"అయితే నాకు మనిషి రారా?"

"నువ్వు చదవగలవని రాశారు."

"మీరు చెప్పలేదా?"

ఇసక టీచరు పళ్లెంలో ఇసక చదును చేసింది. ఇస్త్రీ షాపు ఆవిడ అప్పుడే తలుపు దగ్గరికొచ్చింది. షాపు మూసి పరుగున వచ్చినట్టుంది, కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

"ఉత్తరం వచ్చిందటగా. ఏం రాశారే?"

పిల్ల కాగితం తీసుకుని మొదటి మాట కింద వేలు పెట్టింది. "ఈ విద్యార్థిని ధారాళంగా చదవగలుగుతోంది. తప్పులను స్వయంగా సరిదిద్దుకోగలుగుతోంది. పరీక్షలో సహాయకుల అవసరం లేదు."

ఇస్త్రీ షాపు ఆవిడ టీచరు చేతులు రెండూ పట్టుకుంది. "నా పిల్లకి చదువొచ్చేసిందమ్మా. మీ రుణం తీర్చుకోలేను." ఇసక టీచరు చేతులు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఎందుకో చెప్పాలి.

"ఇంకోసారి చదవవే, వింటాను," అంది తల్లి.

పిల్ల మళ్లీ చదివింది, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. ఈసారి కాగితం చూడలేదు, టీచరు మొహం చూస్తూ చదివింది. కళ్లు తుడుచుకునే హడావుడిలో తల్లి అది గమనించలేదు.