పుస్తకం ఎనుకవడ్డది

తొంభైల చివర నల్లగొండ కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడంది ఏడాదికోసారి కొత్తగా తీసుకునే కాంట్రాక్టు కొలువు. ఏదైనా సంగతి పుస్తకంలో లేదని మేమంటే, "పుస్తకం ఎనుకవడ్డది, మనమెందుకు ఆగాలె?" అనేవారు.

ఒకరోజు బోర్డు మీద మైటోకాండ్రియా బొమ్మ గీశారు. "గిది కణానికి శక్తి ఇస్తదని సదువుకున్నరు గద. కణం బాగుపడనంతగ చెడిపోతే, లోపలి ప్రొటీన్‌ను బయటికి ఇడిశి సావు మొదలువెట్టేది గూడ గిదే. సావాల్సిన కణాలు సావకుంటే క్యాన్సర్ గడ్డలయితయి," అన్నారు.

తనిఖీకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న అధికారి లేచాడు. "ఇది సిలబస్‌లో లేదు. పైగా ఆ భాషేమిటి? వచ్చే ఏడు ఉద్యోగం అక్కర్లేదా?"

మేడం తల దించలేదు.

"సిలబస్ల లేదని కణం సావకుంట ఉంటదా సార్? మా పిల్లలకు మా మాటల్నే చెప్త. జర కూసోండ్రి, పాఠం ఇంక ఉన్నది."

గంట కొట్టేదాకా చెప్పారు.

మరుసటి ఏడు ఆమెను తీసుకోలేదు. బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని అక్కడే పాఠాలు మొదలుపెట్టారు. కాలేజీ వదలగానే మా క్లాసంతా అక్కడికే నడిచేది. లోపల జాగా చాలక సగం మందిమి కిటికీ బయట నిలబడి వినేవాళ్లం.