రోడ్డు పక్క ఒంటి సమాధి

నాకు తొందర ఎక్కువ. బస్సు పదింటికైతే తొమ్మిదికే స్టాండులో ఉంటాను. మా ఆయన దానికి పూర్తిగా ఉల్టా. నేను గడప దాటి పిలిస్తే లోపలినుంచి నింపాదిగా "నువ్వు పోతాండు, నేనొస్తా" అనేవాడు. ముప్పై ఏళ్ళు అదే మాట. చావులో మాత్రం నన్ను దాటుకుని పోయాడు.

ఆత్మకూరు అవతల, కృష్ణ వెనక జలాల ఒడ్డున మా చర్చి సమాధుల తోట ఉంది. ఆయన్ని వాళ్ళ అమ్మానాన్నల పక్కనే పెట్టాం. ఈస్టర్ తెల్లవారుజామున చర్చివాళ్ళందరం అక్కడికే పోతాం. ముందురోజు సున్నం కొట్టిన సమాధుల మీద బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, ఒకరి ఫ్లాస్కులో టీ ఒకరం తాగి ఇళ్ళకు వస్తాం.

మూడేళ్ళ కిందట ఆ ఒడ్డున రిసార్టు వస్తుందన్నారు. నీళ్ళ ఆటల పార్కు, జారుడుబండలు, రంగులరాట్నం, పడవలు. ఎండాకాలం ట్యాంకరు దగ్గర బిందెడు నీళ్ళ కోసం జుట్లు పట్టుకునే ఊరికి నీళ్ళ జారుడుబండలు! నవ్వొచ్చింది కూడా. అయితే కొలతలవాళ్ళు వచ్చి ఎర్రరంగు పూసిన రాళ్ళు పాతారు. ఒక రాయి సరిగ్గా మా ఆయన కాళ్ళ దగ్గర పడింది. సమాధులు మార్చుకోవడానికి రోడ్డు పక్కన స్థలం చూపించారు. చర్చిలో మీటింగు పెడితే అందరూ సరేనని చేతులెత్తారు. మిరపకోతలు అయిపోనీ, అప్పుడు చూద్దాంలే అనుకుంటూ ఇళ్ళకు పోయారు.

నాకు మనసు నిలవలేదు. ప్రొక్లెయినర్ వచ్చి ఆయన్ని పెళ్ళగిస్తుందేమోనని భయం. వారం తిరక్కుండానే పాస్టరుగారిని, తవ్వడానికి ఇద్దరు మనుషులను పిలుచుకుపోయాను. ఆయన అక్క, మా వదిన, అడ్డంగా నిలబడింది.

"వాడు ఈడ పండుకోనుంటే నీకేమి అడ్డమొచ్చెమ్మా? అందరితోపాటు మారుద్దాంలే."

"అందరూ కదిలేదెప్పుడు వదినా? అప్పటికి మంచి తావు మిగుల్తాదా?" అన్నాను. బస్సు సీటు మీద తువ్వాలు వేసే బుద్ధి నాది.

ఎముకలను కొత్త తెల్లగుడ్డలో కట్టి, ఆటోలో నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అంత నిండు మనిషి, ఒళ్ళో బరువే లేడు. కొత్త స్థలంలో వేపచెట్టు నీడ పడేచోట పెట్టించి, "నాలుగు దినాలు ఓపిక పట్టు, అందరూ వెనకాలే వస్తాండారు" అని ఆయనకు చెప్పాను.

ఎవరూ రాలేదు. పోయినేడు ఒక ఆదివారం ఆరాధన చివర్లో, రిసార్టు రద్దయిందని పాస్టరుగారు ప్రకటించారు. చర్చంతా చప్పట్లు. నేనూ కొట్టబోయి మధ్యలో ఆగిపోయాను. నా చుట్టూ అందరూ సంతోషంగా ఉన్నారు. వాళ్ళ మీద శానా కోపమొచ్చింది, వాళ్ళ తప్పేమీ లేకపోయినా.

మొన్న ఈస్టరుకు అందరూ ఒడ్డుకు పోయారు. నేనొక్కదాన్నే రోడ్డు పక్కకు పోయాను. లారీల గాలికి కొవ్వొత్తి నిలవలేదు. పాట ఎత్తుకున్నాను. రెండో చరణం ఎప్పుడూ మగవాళ్ళు అందుకునేది. అక్కడికి వచ్చేసరికి ఆగి, ఎవరో అందుకుంటారన్నట్టు చూశాను. తర్వాత బాగా ఏడ్చాను.

ఎండ ఎక్కాక వదిన ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. మూతలో టీ పోసిచ్చింది.

"వెనక్కి తెచ్చుకుందామమ్మా. అమ్మ పక్కన వాని తావు అట్లే ఉండాది."

"ఒకసారి ఎముకలు చూసినా వదినా. మళ్ళీ చూడలేను."

ఆయన సమాధి పక్కనున్న ఖాళీ నేలను వదిన కాసేపు చూసింది. "మరి రేపు నీకు తావు యాడ?"

"ఈడనే. అందరూ వస్తారని ఆయనకు చెప్పినా. ఒక్కదాన్నన్నా రావల్ల గదా."

వదిన కొంగుతో ముఖం తుడుచుకుని, ఫ్లాస్కు తీసుకుని రోడ్డెక్కింది. ఇంకా కూర్చునే ఉన్న నన్ను చూసి, "పామ్మా, పోదాం" అని పిలిచింది.

"నువ్వు పోతాండు వదినా," అన్నాను. "నేనొస్తా."