నెల పట్టక ముందే మొదలైన పని

మా పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఆ సాయంత్రమే నేనూ మా ఆవిడా తిరుపతిలో అద్దెకు తీసుకున్న గదిలో కూర్చుని, ఒక తెల్లకాగితం మీద ఇంటి నియమం రాసుకున్నాం. చర్చావేదికల్లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు నోటిమాట మీద నమ్మకం తక్కువ. నియమం ఒక్కటే: ఈ ఇంట్లో పూజ ఉండదు, ప్రార్థన ఉండదు, ఏ వస్తువైనా దాని ఉపయోగం రుజువైతేనే గడప దాటి లోపలికి వస్తుంది. మావాళ్ళు సేద్యం చేసుకునే హిందువులు. ఆమెది చిత్తూరులో మూడు తరాల క్రైస్తవ కుటుంబం. రెండు వైపులవాళ్ళనూ సమానంగా నొప్పించే నియమం గనక ఇంతకంటే న్యాయమైనది ఉండదనుకున్నాను.

ఆమె చదివి, సంతకం పెట్టి, "ఉపయోగం రుజువు చేసేది ఎవురు?" అని అడిగింది.

ఎవరైనా చేయవచ్చునన్నాను. వాదనల్లో నేను చేసిన మొదటి పెద్ద తప్పు అది.

మొదటి డిసెంబరులో ఆమె కాగితపు నక్షత్రం తెచ్చింది, లోపల బల్బు పెట్టేది. నేను నియమం గుర్తుచేశాను.

"వాకిట్లో లైటు లేదు. నిన్న నువ్వే గదా మెట్టు కానక పడబోయినావు," అంది.

"లైటయితే గుండ్రటి బల్బు చాలు."

"గుండ్రంగా ఉంటేనే వెలుగిస్తాదని యాడ రాసిండాది?"

నక్షత్రం వాకిట్లో వేలాడింది. రెండో ఏడు వాళ్ళమ్మ వాడిన గులాబీ పూల అచ్చు వచ్చింది. ఇనపకడ్డీ చివర పువ్వు ఆకారం. దాన్ని పిండిలో ముంచి, కాగే నూనెలో పెడితే పువ్వు విడివడి తేలుతుంది. తినేదానికి ఉపయోగం లేదని ఎవరు వాదించగలరు? పక్కింటివాళ్ళు గుడిలో ఉద్యోగం చేసే వైష్ణవులు, గుడ్డు ముట్టరు. అందుకని గుడ్డు వేయని వాయి ముందు తీసి వాళ్ళకు పంపేది. వాళ్ళు అదే పళ్ళెంలో ధనుర్మాసం పొంగలి పెట్టి తిప్పి పంపేవాళ్ళు. పళ్ళెం మోసేది మాత్రం రెండు మతాలనూ తిరస్కరించిన నేను. మా పాప నడక నేర్చాక, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు కూడా వచ్చాయి. పిల్ల ఆడుకునే బొమ్మల కింద వాటిని జమ వేసుకున్నాం. గొల్లల బొమ్మల మధ్య ఒక ప్లాస్టిక్ డైనోసారు కూడా ఉండేది గనక ఆ వాదనకు కొంత బలం ఉంది. పాక చుట్టూ పచ్చగా కనబడాలని డిసెంబరు మొదట్లోనే తల్లీకూతుళ్ళు పళ్ళెంలో రాగులు చల్లి మొలకెత్తించేవాళ్ళు. ఇలా ఎనిమిదేళ్ళలో క్రిస్మస్ అంతా మా ఇంట్లోకి వచ్చేసింది. నియమం మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

రానిదల్లా మా మామ. ఆయన చిత్తూరులో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. "ప్రార్థన లేని ఇంట్లో నేను నిద్ర చేయను" అని పెళ్ళినాడే చెప్పారు. కోపంతో కాదు, సెలవు చీటీ రాసినంత నెమ్మదిగా. ఏడాదికి రెండు మూడు సార్లు తిరుపతి వచ్చేవారు, టీ తాగేవారు, మనవరాలికి లెక్కలు నేర్పేవారు, సాయంత్రం బస్సుకు చిత్తూరు వెళ్ళిపోయేవారు. అత్తమ్మ పోయాక కూడా ఆ బస్సు తప్పలేదు. బస్సు వెళ్ళాక మా ఆవిడ కాసేపు ఏ పనీ లేకుండానే వంటింట్లో నిలబడేది. ఆ సమయంలో నేను ఆమెతో ఏదీ వాదించేవాణ్ణి కాదు.

నిరుడు నవంబరు చివర్లో పాప ఫోనులో ఏం చెప్పిందో గాని, ఆయన క్రిస్మస్ ముందురోజు వస్తానన్నారు. "ఉండేది మానేది ఆడికి వచ్చినాంక సూస్తాం," అన్నారట. మా ఆవిడ ఫోను పెట్టేసి, "సూస్తాం అన్నాడు. లేదనలా," అని నాకు రెండుసార్లు చెప్పింది.

సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టుకుంది. మేం కొనుక్కున్న పాత ఇంటి మిద్దె కారడం మొదలుపెట్టింది. మాకున్నవి రెండే గదులు; రెండింటికీ మధ్య ఉన్న ఉమ్మడి గోడ మీదుగానే నీళ్ళు దిగాయి. మామకు ఉబ్బసం. చెమ్మగోడ పక్కన పడుకుంటే ఆయన తెల్లవారేదాకా కూర్చోవలసిందే. ఆయన ఉండాలని మేం ఎంత కోరుకున్నా ఆ గోడ ఆయన్ను బస్సెక్కించేస్తుంది.

మేస్త్రీని పిలిచాను. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. మిద్దె ఎక్కి పగుళ్ళు చూశాడు. కిందికి వచ్చి స్టూలు మీద నిలబడి, తాపీ పిడితో పైకప్పు మీద అక్కడక్కడా కొట్టి శబ్దం విన్నాడు. డొల్లగా మోగిన చోట అరచేయంత పెచ్చు ఊడి, కింద ఉన్న పాప రాగుల పళ్ళెంలో పడింది. పాప మేస్త్రీ వంక చూసిన చూపు నేను మరిచిపోలేను.

"నెల పట్టేదానికి ఇంకా వారం ఉండాది సార్," అన్నాడు మేస్త్రీ. "ఎల్లుండి మంచిరోజు. మొదలుపెట్టేస్తాను."

నెల పట్టడమంటే ధనుర్మాసం రావడం. మా వైపు ఆ నెలలో ఎవరూ ఇంటిపని మొదలుపెట్టరు. ముందే మొదలైన పనయితే నిశ్చింతగా సాగించుకుంటారు. కొత్త పని మాత్రం ముట్టరు.

మామూలు మనిషి ఎవరైనా ఎల్లుండి రమ్మంటాడు. నేను అనలేదు. నా ఇంటి మిద్దె మంచిరోజు చూసి బాగుపడడం నాకు అవమానంగా తోచింది. "నెల పట్టిన మరునాడే మొదలుపెట్టు," అన్నాను. సూర్యుడు ఏ రాశిలో ఉన్నా సిమెంటు నీళ్ళతోనే గట్టిపడుతుందని, నెలకూ ఇసుకకూ సంబంధం లేదని, ఇలాంటి భయాలు పోవాలంటే ఎవరో ఒకరు ముందడుగు వేయాలని పావుగంట సేపు చెప్పాను. మేస్త్రీ టీ తాగుతూ అంతా విన్నాడు. గ్లాసు కింద పెట్టి, "బాగా చెప్పినారు సార్," అని వెళ్ళాడు.

అది అంగీకారమనుకున్నాను. మా ఆవిడ అనుకోలేదు.

"బాగా చెప్పినారు అంటే, ఇంక రాను అని," అంది.

నెల పట్టింది. తెల్లవారుజామున గుడి మైకులో పాటలు మొదలయ్యాయి. మరునాడు నేను గది ఖాళీ చేసి, మంచం బయటికి లాగి ఎదురుచూశాను. మేస్త్రీ రాలేదు. ఫోను చేస్తే, "నెల పట్టేసింది గదా సార్. పోనీండి, నెల పోయినాంక చేసుకుందాం," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టుగా. ఇంకో ముగ్గురు మేస్త్రీలకు ఫోన్లు చేశాను. ముగ్గురూ మర్యాదగా నా ఆరోగ్యం అడిగారు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే నా స్నేహితుడు, "మా షెడ్డు రేకులే నెల పోయేదాకా మార్చరప్పా, నీ మిద్దె ఎంత," అన్నాడు.

మళ్ళీ వాన వచ్చింది. మా ఆవిడ కారే చోటల్లా ఏదో ఒకటి పెట్టుకుంటూ వచ్చింది. "ఈ గిన్నె నీ సిద్ధాంతానికి. ఈ బకెట్టు ఆ పొద్దు నువ్వు చెప్పిన ఉపన్యాసానికి," అంది. ఎగతాళి అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తరువాత ఆమె గోడ మీద అరచేయి పెట్టి, తీసి, చీరకు తుడుచుకుంది. క్రిస్మస్‌కు ఇంకా ఐదు రోజులున్నాయి.

నేను చెప్పులు వేసుకుని మేస్త్రీ ఇంటికి వెళ్ళి, ఒక్కసారి వచ్చి మాట విని పొమ్మని బతిమాలుకున్నాను. వచ్చాడు. అప్పుడు నేను చేసిన వాదన, ఇన్నేళ్ళుగా నేను ఏ వేదిక మీదా చేయనిది.

"నెలలో కొత్త పని చేయవు, ఒప్పుకుంటాను," అన్నాను. "ఇది కొత్త పని కాదు. నువ్వు మొదట వచ్చిన రోజే మొదలైంది. నీ తాపీ తగిలే పెచ్చు ఊడింది. పెచ్చు ఊడగొట్టడం పనిలో భాగమా కాదా?"

మేస్త్రీ పైకి చూశాడు. "నేను కొట్టింది సూసేదానికి సార్. పని చేసేదానికి కాదు."

"నువ్వు ఏమనుకుని కొట్టినా ఊడింది ఊడిందే కదా."

"అదీ నిజమే," అని ఆలోచించాడు. "అయితే మొదటి దెబ్బ తూర్పుకు తిరిగి కొట్టాల. ఆ పొద్దు యే పక్కకు నిలబడి ఉంటినో."

నాకు గుర్తులేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి అంది: "తూర్పుకేనన్నా. నీ ఎదురుగా ఈ కిటికీ ఉండె. నేను సూసినాను."

పాప కూడా వచ్చింది. "నా రాగుల్లో పడింది. నేను అప్పుడే చెప్పినాను, పాడైపోయిందని."

"పాపే సాచ్చి," అన్నాడు మేస్త్రీ, ఇంక తేలిపోయినట్టు. కాని లేవలేదు. "సార్ ఒక్క మాట నోటితో చెప్పాల. పని నెలకు ముందే మొదలైందని."

"నేనెందుకు?"

"మా ఇంట్లో ఆమె అడుగుతాది. నేను చెప్తే నమ్మదు. సార్ చెప్పినాడంటే నమ్ముతాది. సార్ అబద్ధమాడడని వీధిలో అందరికీ తెలుసు గదా."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటికి నాకు రెండు దారులున్నాయి: నా నిజాయితీకి వచ్చిన పేరును ఒక మూఢనమ్మకానికి పూచీగా పెట్టడం, లేదా మామను బస్సెక్కించడం. నేను లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో తెలియదు. "పని నెల పట్టక ముందే, తూర్పు ముఖంగా మొదలైంది," అన్నాను. మేస్త్రీ వెంటనే పంచె ఎగ్గట్టాడు.

నాలుగు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. గులాబీ పూల పిండి మీద సిమెంటు దుమ్ము పడకుండా నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. పాప మేస్త్రీ జల్లించుకున్న మెత్తటి ఇసుకంతా తన పాక బొమ్మల బెత్లెహేముకు మోసుకుపోయింది. ఊడిన పెచ్చులు దానికి కొండలయ్యాయి. "ఆ కొండలు నావి పాపా," అంటూ మేస్త్రీ మళ్ళీ జల్లించుకున్నాడు. మిద్దె మీద పగుళ్ళు పూడ్చాడు, లోపల కొత్తగా పూత పూశాడు. పక్కింటివాళ్ళ దగ్గర ఇంకో ఫ్యాను అడిగి తెచ్చి, రెండు ఫ్యాన్లూ గోడకు తిప్పి పెట్టాం.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం మామ వచ్చారు. చేతిలో చిన్న సంచి. కూర్చోకుండా ముందు గదిలోకి వెళ్ళి, తల పైకెత్తి పూత చూశారు. గోడ మీద చేయి వేసి చూశారు. తరువాత నా వైపు తిరిగారు.

"నెల పట్టినాంక మొదలుపెట్టించినావంట గదా. పాప చెప్పింది ఫోనులో, మేస్త్రీ వచ్చినాడని. తిరుపతిలో ఏ మేస్త్రీ ఒప్పుకుంటాడప్పా? గట్టోడివే. నీ మాటల్లో పస ఉండాదని ఇప్పుడు ఒప్పుకుంటా ఉండాను."

ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. మా ఆవిడ నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. నేను నోరు మూసుకుంటే చాలు. ఆమె కళ్ళు కూడా అదే చెబుతున్నాయి. కాని ఆ మెప్పు నాది కాదు. దాన్ని ఉంచుకుంటే ఇక ఎవరితోనూ ఏదీ వాదించే అర్హత ఉండదనిపించింది.

"లేదు మామా," అన్నాను. "మేస్త్రీ ఒప్పుకోలేదు. నేనే ఒప్పుకున్నాను. పని నెలకు ముందే మొదలైందని నా నోటితో చెప్పాను. తూర్పు ముఖంగా అని కూడా."

ఆయన మంచం మీద కూర్చున్నారు. ముఖంలో ఏమీ కనబడలేదు. బడిలో తప్పు లెక్క చూసినప్పుడు కూడా అలాగే కూర్చునేవారేమో.

"మా ఇల్లు కట్టేటప్పుడు," అన్నారు, "పునాది తీసే వేళకు ఈ నెలే వచ్చి పడింది. మనకేం, మనం నమ్మేది లేదు గదా, మొదలుపెట్టు అని మీ అత్త అనింది. మేస్త్రీ ఒప్పుకోలా అని చెప్పి నెల పోయేదాకా నిలబెట్టినాను."

"మేస్త్రీలంతా అంతే," అన్నాను.

"మేస్త్రీని నేను అడగనే లేదబ్బా."

మా ఆవిడ చెంబు కింద పెట్టింది. "నాయనా, అమ్మకు చెప్పలేదా ఎప్పుడూ?"

"ముప్పై ఏండ్లు చెప్పలా. దేవుడికి చెప్పుకున్నా. ఆయన ఏమీ అనుకున్నట్టు లేదు." నా వంక చూసి నవ్వారు. పైపళ్ళలో ఒకటి లేదని నాకు ఆనాడే తెలిసింది. "నువ్వు నాకంటే నయమప్పా. నాలుగు దినాల్లో చెప్పేసినావు."

నాలుగయింది, నాలుగున్నరయింది. బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి పాపే ఎత్తింది: "తాతా, నువ్వు ఊరికి పోతావా?"

ఆయన మళ్ళీ గోడ మీద చేయి పెట్టారు. "గోడ ఆరిందో లేదో ఒక రాత్రి పడుకుంటే గదా తెలిసేది. ఊరికే ఆరిందంటే మీ నాయన ఒప్పుకుంటాడా? రుజువు కావాలంటాడు."

నేను అభ్యంతరం చెప్పలేదు. ఆయన సంచిలోంచి లుంగీ తీసి, చొక్కా విప్పి, తగిలించేదానికి మేకు కోసం గోడంతా చూశారు.

"కొత్త పూత నాయనా," అంది మా ఆవిడ. "మేకు కొట్టేది కొత్త పనో పాత పనో మీ అల్లుణ్ణి అడగాల."

మామ చొక్కాను మడిచి నా చేతికిచ్చారు. నేను దాన్ని కుర్చీ మీద వేసి, రాత్రి అన్నానికి విస్తళ్ళు తేవడానికి వెళ్ళాను.