శ్రీరంజని పెళ్లికి కొన్న లైట్లు

మా చోడవరంలో ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్సు ఇచ్చే అలవాటు మొన్నమొన్నటిదాకా లేదు. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి చేతిలో పెడితే ఆ పెళ్లి అతనిదే. పురోహితుడికీ, మేళం వాళ్లకీ చెప్పినట్టే ఫొటోలవాడికీ చెప్పేవారు. ఏ ఇంటికి ఏ ఫొటోగ్రాఫరో ఊరందరికీ తెలుసు. ఫణిభూషణ్‌గారింటికి గణపతిరావు.

నా పేరు హరిబాబు. బస్టాండు దగ్గర ఫొటో సామాన్ల కొట్టుంది నాకు. ఫ్లాషులు, స్టాండులు, లైట్లకి తగిలించే గొడుగులు, బేటరీలు అమ్ముతాను. గణపతిరావు నాకంటే పదేళ్లు పెద్ద, పక్కనున్న చీడికాడ ఊరి మనిషి. ఇరవై ఆరేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు. మనిషికి నోరు లేదు గాని వెలుతురు సంగతి తెలుసు. మిగతావాళ్లు లైటు ఎంత ఎత్తున పెడితే అంత గొప్పనుకుంటారు. గణపతిరావు మాత్రం జీలకర్రా బెల్లం వేళకి లైటు దించేసేవాడు. తలమీద చెయ్యి పెడతారు కదా, పైనుంచి వెలుతురు పడితే ఆ చేతి నీడ పెళ్లికూతురి మొహం మీదే పడుతుంది. అందుకని పురోహితుడి భుజం పక్కన, కూర్చున్నవాళ్ల మొహాల ఎత్తులో లైటు పెట్టి తీసేవాడు. ఇది నాకు చెప్పింది అతనే. నేను పదిమందికి చెప్పి నా తెలివిగా చెలామణీ చేసుకున్నాను.

ఫణిభూషణ్‌గారు బ్యాంకులో మేనేజరు. ఆయన కూతురు శ్రీరంజని బారసాల నుంచి ఓణీల ఫంక్షన్ దాకా అన్నీ గణపతిరావే తీశాడు. ఆ అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిసిన రోజు నా కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"ఈ పెళ్లి ఒక్కటీ బాగా తీసేస్తే సాలురా హరీ. ఆ తరవాత కెమెరా మూలన పడేసినా నాకు బెంగ నేదు" అన్నాడు.

ఈ మధ్య అతన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. మిగిలిన పెద్ద ఇల్లు అదొక్కటే. అదీ పోతే ఊళ్లో అతన్ని ఫొటోగ్రాఫర్ అనేవాడు ఉండడు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

వారం తిరక్కుండా శుభలేఖ పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాడు. ఫణిభూషణ్‌గారి భార్య వరహాలక్ష్మిగారు ఇచ్చారట.

"అమ్మగారు సొయంగా ఇంటికొచ్చి ఇచ్చేరురా. నువ్వు లేకపోతే ఎలా గణపతీ, అచ్చియ్యమ్మని కూడా తీసుకుని తప్పకుండా రావాలన్నారు."

అయ్యో రామా! ఇరవై ఆరేళ్లలో పనికి పిలిచినవాళ్లు ఎవరైనా పెళ్లాన్ని కూడా తీసుకురమ్మన్నారా? ఆ ముక్క దగ్గరే అతను ఆగాల్సింది. ఆగలేదు. పసుపు చూశాడు, మురిసిపోయాడు.

పోనీ, నేనైనా ఆపాలి కదా? ఇక్కడే నా పాడుబుద్ధి చెప్పుకోవాలి. అంతకు నాలుగు రోజుల ముందే వైజాగ్ ఫొటోల టీమ్ ఒకటి నాకు ఫోన్ చేసింది. అదే తేదీకి, మాడుగుల రోడ్డులో అదే కల్యాణమండపానికి, అదనంగా బేటరీలు పంపమని ఆర్డరు. పెళ్లికూతురి పేరు కూడా చెప్పారు. నాకు తెలుసు. మాట నోటిదాకా వచ్చింది కూడా.

కానీ కొట్లో రెండేళ్లుగా రెండు పెద్ద ఫ్లాష్ లైట్లు దుమ్ము కొట్టుకుపోతున్నాయి. బేటరీ మీద నడిచే రకం. వాటి ముందు తగిలించే తెల్లబట్ట సాఫ్ట్‌బాక్సులు, స్టాండులతో సహా తెప్పించాను. ఒక్కడూ కొనలేదు. గణపతిరావు వాటి వంకే చూస్తున్నాడు.

"ఈటికి వైరు అక్కర్నేదు కదేటి? ఎక్కడ కావాలంటే అక్కడికి దించుకోవచ్చు."

"ఆఁ, దించుకోవచ్చు అన్నయ్యా" అన్నాను.

ఆ లైట్లు కొనడానికి బండి అమ్మేశాడు. పాత ఫ్లాషులు రెండూ నాకే ఇచ్చేశాడు. "ఉన్నయి ఎలగడం నేదేటి?" అని అచ్చియ్యమ్మ అడిగిందట. ఆవిడ మాట వినలేదు. నేను కొత్త లైట్లకి కుంకుమబొట్లు పెట్టి మరీ ఆటోలోకి ఎక్కించాను. తెలిసి తెలిసీ ఎక్కించాను.

పెళ్లి పగటి ముహూర్తం. నాకూ పిలుపుంది, వెళ్లాను. గణపతిరావు ఆటో దిగి రెండు చేతులా సామాను మోసుకొస్తుంటే గుమ్మంలోనే ఫణిభూషణ్‌గారు ఎదురయ్యారు.

"రా రా గణపతీ. అచ్చియ్యమ్మ రాలేదా? ఇవన్నీ ఏంటయ్యా?"

"లైట్లు బాబుగారూ. కొత్తయి."

ఫణిభూషణ్‌గారు ఒక్క క్షణం తడబడ్డారు. "అయ్యో, నీకు చెప్పలేదూ? పెళ్లికొడుకు వాళ్లు వైజాగ్ నుంచి టీమ్‌ని పెట్టారయ్యా. నువ్వు హాయిగా కూర్చో, టిఫిన్ చెయ్యి. ఇవాళ నువ్వు మా చుట్టానివి."

చుట్టమట! ఏం మర్యాద, ఏం మర్యాద! పనిలోంచి తీసేసి చుట్టాన్ని చేశారు.

గణపతిరావు చెప్పులు విడిచే చోట సామాను పెట్టి, నా పక్కన మూడో వరసలో కూర్చున్నాడు. వేదిక మీద జీలకర్రా బెల్లానికి తెర పట్టారు. టీమ్ వాళ్ల లైట్లన్నీ పైకప్పుకి ఆనేంత ఎత్తున ఉన్నాయి. అతను కుర్చీలో కుదురుగా ఉండలేకపోయాడు.

"సెయ్యి నీడ పడిపోద్దిరా పిల్లగుంట మొగం మీద" అని గొణిగాడు.

"మనకెందుకన్నయ్యా, కూర్చో" అన్నాను.

విననే లేదు. లేచి వెళ్లి, వేదిక పక్కనున్న స్టాండు మర వదులు చేసి లైటు దించబోయాడు. టీమ్‌లో ఒకతను గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరండీ మీరు?"

గణపతిరావు ఫణిభూషణ్‌గారి వైపు చూశాడు. తనెవరో ఆయన చెబుతారని ఎదురుచూశాడు. పీటల మీద, పురోహితుడి పక్కనే ఉన్నారాయన.

"గణపతీ, ముట్టుకోకు. ఖరీదైన సామాను, నీకు తెలీదు. వెళ్లి కూర్చో."

పురోహితుడి మైకు ఆన్‌లోనే ఉంది. మండపమంతా విన్నది. వెనకెవరో నవ్వారు కూడా. వాళ్ల నోట్లో మన్ను పడ! శ్రీరంజని తలెత్తి గణపతిరావుని చూసింది. ఇంతలో తలమీద చెయ్యి పడింది, తెర దించేసరికి మొహం సగం నీడలో ఉంది.

అతను భోజనం చెయ్యలేదు. సామాను తీసుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు. నేను వెనకే వెళ్లి నిలబడ్డాను. అతను సామాను కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"ఆళ్ల బేటరీల మీద నీ కొట్టు స్టిక్కరుంది. సూసేను. ఎప్పుడు అడిగేరు నిన్ను?"

నేను ఆటో కోసమన్నట్టు రోడ్డు వైపు చూశాను.

"నిన్న సాయంత్రం అన్నయ్యా" అన్నాను.

తలూపాడు. "అదే అనుకున్నాను. ముందే తెలిస్తే నువ్వు నాకు సెప్పకుండా ఉంటావేటి" అన్నాడు. సాఫ్ట్‌బాక్సుల సంచీ ఒక కొస నా చేతికిచ్చి, "పట్టు, ఆటో వస్తంది" అన్నాడు.