సుద్దగీత పెట్టిన చక్రం

మా షెడ్డులో అందరూ ఆయన్ని చెవుల మేస్త్రి అనేవారు. లారీలో ఏ చక్రం మోత పెడుతోందో విప్పకుండానే చెప్పేవాడు. బండి తనే నడిపి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు ఇటోసారి అటోసారి తిప్పేవాడు. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే దోషం కుడి బేరింగుది. దిగి ఆ చక్రం మీద సుద్దతో గీత పెడితే, మేం దాన్నే విప్పాలి. సుద్దముక్క ఎవరి జేబులో ఉంటే వాడే పెద్ద మేస్త్రి. ఇరవై రెండేళ్లు అది ఆయన జేబులోనే ఉంది.

మూడేళ్లుగా ఆయన చెవులు దెబ్బతిన్నాయి. మనిషి మాట వినపడేది కానీ, ఇంజను హోరులో బేరింగు మోత విడిగా తెలిసేది కాదు. ఈ సంగతి ఆయన బావమరిదికి ఒక్కడికే తెలుసు. పక్కన వెల్డింగు చేసుకునే నేనూ పసిగట్టాను, నోరు మెదపలేదు. బావమరిదిని ఇంట్లో పెట్టుకుని, పని నేర్పి, మేడ మీద గది వేసి ఇచ్చింది ఈయనే. అందుకే ధైర్యంగా వాడికి చెప్పుకున్నాడు. వాడు పక్క సీట్లో కూర్చుని మోత విని బావ మోకాలు తట్టేవాడు. ఒకసారి తడితే ఎడమ, రెండుసార్లయితే కుడి. మూడేళ్లలో ఒక్క గీతా తప్పలేదు.

ఆ రోజు ముందు చక్రాల మోతతో ఒక టిప్పరు వచ్చింది. ఎప్పుడూ తన గది దాటని షెడ్డు యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి బండి తిప్పి తెచ్చి, అలవాటుగా చక్రాల నడుమ బేరింగు ఉండే రెండు హబ్బుల మీదా చెయ్యి వేశాడు. ఎడమ దాని దగ్గర ఆగి బావమరిది వైపు చూశాడు. వాడు తలూపాడు. మేస్త్రి కుడి చక్రం మీద గీత పెట్టాడు.

విప్పితే బేరింగు కొత్తదానిలా మెరుస్తోంది.

"ఎడమది విప్పించండి సార్," అన్నాడు బావమరిది. విప్పాం. రోలర్లు గుంటలు పడి నల్లగా మాడిపోయి ఉన్నాయి. "మా బావకి మూడేళ్లుగా మోత తెలీదు సార్. నేను చెప్తేనే గీత పెడతాడు. ఇంకెన్నాళ్లు దాచమంటారు?"

యజమాని ఆశ్చర్యపోలేదు. అంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట! చెయ్యి చాపి సుద్దముక్క తీసుకుని వాడికిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా. అయినా నేనూ గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను, నా ఉద్యోగం నాది.

కుళాయి దగ్గర మేస్త్రి చెయ్యి నీళ్ల కింద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది.

"ఏంటన్నా ఇది?"

"ఎడమ హబ్బు. పొయ్యి మీద పెనంలా ఉంది."

"అలా కాలేది పాడైన బేరింగే కదా. అంటే నీకు తెలుసు! మరి కుడిదానికెందుకు పెట్టావన్నా గీత?"

ఆయన నా వైపు వింతగా చూశాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"వాడు రెండు తట్టాడు కదరా."

కుళాయి కట్టేసి, చెయ్యి చొక్కాకి తుడుచుకోబోయి మంటకి ఆగాడు.

"వాళ్లక్క అడుగుతుంది చెయ్యి చూసి," అన్నాడు. "ఏం చెప్పను?"